రైలు పట్టా అన్నిటికంటే చివర తెగుతుంది: వరదలు, కట్ట జారుళ్లు, రైళ్ల రద్దుపై అపోహలు - వాస్తవాలు

వానలకు రైళ్లు రద్దయినప్పుడల్లా స్టేషన్లలో కొన్ని మాటలు తప్పకుండా వినిపిస్తాయి. రైలు మార్గాన్ని కాపాడే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాణ్ణి గనుక అవి నాకు కంఠతా వచ్చు. ఆ మాటల వెనుక ఉన్న విసుగు న్యాయమైనదే, వాటిలోని అంచనాలే తరచుగా తప్పుతాయి. రైలు మార్గం అనగానే అందరి కళ్ల ముందూ రెండు ఉక్కు పట్టాలు మెదలడమే అందుకు కారణం. నిజానికి వరదలో పట్టా అన్నిటికంటే చివరికి తెగే వస్తువు. అంతకు చాలా ముందే దాని కింది కంకర, కంకర కింది మట్టికట్ట, కట్ట కింద నీరు పోయే తూము దెబ్బతింటాయి. మేము వెతికి చూసేవి అవే, ప్రయాణికుని కంటికి ఆననివీ అవే.

అపోహ: పట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి, నీళ్లు స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెల) దాకానే వచ్చాయి. ఇంతమాత్రానికే రైలు ఆపడం అతి జాగ్రత్త.

వాస్తవం: నిలిచిన నీటికీ పారే నీటికీ పోలిక లేదు. స్టేషన్ యార్డులో మడుగు కట్టిన నీరు చికాకు పెడుతుంది గాని, సాధారణంగా మార్గాన్ని కోసుకుపోదు. కట్టకు ఒక పక్కన నీరు పేరుకొని, పట్టాల మీదుగా పొర్లి రెండో పక్కకు దూకుతున్నప్పుడు సంగతి వేరు. చెరువు కట్ట మీదుగా నీరు పొర్లితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది: దూకే నీరు దిగువ వాలులో మట్టిని తవ్వుకుంటూ వెనక్కి, పట్టాల కిందికి జరుగుతూ వస్తుంది. పైగా చెరువు కట్టను నీటిని ఆపడానికి కడతారు, రైలు కట్టను బరువు మోయడానికి కడతారు. నీటిని అడ్డగించే బంకమట్టి పొర దాని నడుమ ఉండదు. ఇక ప్రవాహ వేగం రెట్టింపయితే ఆ నీరు దొర్లించగల రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుంది. కాబట్టి గంట క్రితం కదలని కంకర ఇప్పుడు గింజల్లా కొట్టుకుపోవడంలో వింత లేదు.

అలా గండి పడిన చోటును దగ్గరగా చూసినవారు దాన్ని మరచిపోలేరు. పట్టాలు తెగవు. వాటికి బిగించిన స్లీపర్లు బిగించినట్టే ఉండి, కింద ఏ ఆధారమూ లేకుండా, తాళ్ల నిచ్చెనలా గాలిలో వేలాడుతుంటాయి. పట్టా ఎత్తున బురదనీరు పారుతున్నప్పుడు ఆ నిచ్చెన కింద కట్ట ఉన్నదో లేదో పైనుంచి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నీరు కంకరను ముంచి, పట్టాకు దిగువనే ఉన్నప్పుడు, ఇద్దరు మనుషులు స్లీపర్ల రెండు కొసల వెంట జోడుగా, అడుగడుగూ తడుముకుంటూ నడిచి, కింద గట్టిగా ఉన్నదని తేల్చుకున్న తరువాతనే రైలును మెల్లగా వదులుతారు. పట్టా కూడా మునిగితే మరో చిక్కు ఉంది. విద్యుత్తు ఇంజన్లలో చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లు ఇరుసుల వద్ద, పట్టాకు కొద్దిపాటి ఎత్తులోనే ఉంటాయి. వాటిలోకి నీరు చేరితే రైలు ముందుకూ వెనక్కూ కదలలేక వరద మధ్యన నిలబడిపోతుంది. 2019 జూలై 27న ముంబయికి సమీపంలోని వాంగణి వద్ద మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ అలా నీటి నడుమ నిలిచిపోగా, వెయ్యిమందికి పైగా ప్రయాణికులను పడవల సాయంతో క్షేమంగా బయటికి తెచ్చారు. సాయం వచ్చేదాకా పెట్టెలు దిగవద్దని వారికి చెప్పడం వెనుక లెక్క ఉంది. మోకాలి లోతు పారే నీరు మనిషిని పడదోయగలదు, అడుగున గండి ఎక్కడుందో దిగేవానికి తెలియదు.

అపోహ: సిగ్నల్ పచ్చగా ఉన్నదంటే ముందున్న మార్గం బాగున్నట్టే.

వాస్తవం: అన్నిటిలోకీ ప్రమాదకరమైన అపోహ ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే విషయం తెలిసినవారు కూడా దీన్ని సగం నమ్ముతారు. సిగ్నల్‌కు ఆధారమైన ట్రాక్ సర్క్యూట్ పట్టాల గుండా కొద్దిపాటి విద్యుత్తును పంపి, చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనూ కలిపేశాయా లేదా అని చూస్తుంది. ముందు మరో రైలు ఉన్నదా అన్న ప్రశ్నకు అది జవాబు చెబుతుంది. పట్టా పూర్తిగా విరిగితే చాలా సందర్భాల్లో ఆ సంగతి కూడా బయటపెడుతుంది. ఇరుసులను లెక్కించే యాక్సిల్ కౌంటర్లు వాడే చోట ఆ పాటి ఆసరా కూడా లేదు. ఇందాక చెప్పిన తాళ్ల నిచ్చెన పట్టాల్లో విద్యుత్తు నిక్షేపంగా పారుతుంది, సిగ్నల్ పచ్చగానే వెలుగుతుంది. కట్ట మాయమైనా అది పచ్చగానే ఉంటుంది.

కట్ట సంగతి చెప్పవలసింది మనిషి కన్ను, లేదా అక్కడ ప్రత్యేకంగా అమర్చిన పరికరం. గస్తీ తిరిగే గ్యాంగ్‌మన్ టార్చి వెలుగులో కట్ట పాదాన ఊరే నీటిని చూస్తాడు. ఊట తేటగా ఉంటే ఒక లెక్క, మట్టి కలిసి ఎర్రగా వస్తే ఇంకో లెక్క, ఎందుకంటే రెండోది కట్ట లోపలి మట్టి నీటితో పాటు బయటికి పోతున్నదనడానికి గుర్తు. కట్ట అంచున పట్టాల పొడవునా సాగిన సన్నని బీట, నిన్నటికి నిటారుగా ఉండి ఇవాళ ఒరిగిన స్తంభం, భుజం జారిన కంకర, ఒక్కచోట కుంగినట్టు అనిపించే పట్టా, ఇవన్నీ రైలును ఆపదగిన సాక్ష్యాలే. ఇంతటి చూపు గల మనిషి కూడా ఒకేసారి ఒక్కచోటనే ఉండగలడన్నది మరచిపోకూడదు.

అపోహ: ముందు రైలు ఇప్పుడే క్షేమంగా దాటింది, మన రైలుకు మాత్రం భయమేమిటి?

వాస్తవం: 2015 ఆగస్టు 4 రాత్రి మధ్యప్రదేశ్‌లోని హర్దా సమీపాన, వరద కోసేసిన చోట కామాయని ఎక్స్‌ప్రెస్, ఎదురు దిశలో వస్తున్న జనతా ఎక్స్‌ప్రెస్ కొద్ది నిమిషాల తేడాతో పట్టాలు తప్పాయి. అంతకు కాసేపటి ముందే వేరే రైళ్లు ఆ చోటు దాటి వెళ్లాయి. నానిన కట్ట మీద ప్రతి రైలూ ఒక పరీక్షే, ఒక దెబ్బ కూడా. ముందు రైలు గట్టెక్కిందంటే ఆ క్షణాన కట్ట నిలిచిందని మాత్రమే అర్థం.

అపోహ: నీరు తీసింది, ఇక నడపవచ్చు.

వాస్తవం: నీరు తీసే వేళ మాకు గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. వరద నిండుగా ఉన్నంతసేపు బయటి నీటి ఒత్తిడి కట్ట వాలును కొంతవరకు పట్టి ఉంచుతుంది. బయటి మట్టం చకచకా తగ్గిపోయినప్పుడు, లోపల నానిన మట్టిలోని నీరు అంత వేగంగా బయటికి రాలేదు. బయట ఆసరా పోయి, లోపల బరువూ ఒత్తిడీ మిగిలిన వాలు అప్పుడే జారుతుంది. వంతెనల దగ్గర మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. ఉధృతమైన ప్రవాహం స్తంభం చుట్టూ సుడి తిరుగుతూ పునాది పక్కన లోతైన గుంట తవ్వుతుంది. వేగం తగ్గగానే అదే నీరు తెచ్చిన వదులు ఇసుక ఆ గుంటను పూడ్చేస్తుంది. మరునాడు చూస్తే నది అడుగు సమతలంగా కనిపిస్తుంది గాని, ఆ ఇసుకకు పునాదిని పట్టి ఉంచే బలం ఉండదు. అందువల్ల ఎండకాసిన రోజున కూడా లోతులు కొలిచేవారి కోసం, అవసరమైతే నీటిలో మునిగి చూసేవారి కోసం రైళ్లు ఆగవలసి వస్తుంది.

అపోహ: భయపడవలసింది పెద్ద నదుల దగ్గరే.

వాస్తవం: పెద్ద నది మీది వంతెనకు లోతైన పునాదులు, నీటిమట్టం కొలతలు, కాపలా ఉంటాయి. ముంచుకొచ్చేది పేరు కూడా సరిగా తెలియని వాగు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ వద్ద డెల్టా ప్యాసింజర్ ప్రమాదానికి గురై నూరుమందికి పైగా మరణించారు. ఎగువన చెరువు తెగి వచ్చిన నీరు అక్కడి చిన్న వంతెనను కోసుకుపోయింది. రైలు మార్గం తన హద్దుల్లో ఎంత చక్కగా ఉన్నా, ఎగువన ఉన్న చెరువుల స్థితి తెలియకపోతే ఆ చక్కదనం చాలదు.

అపోహ: కొండచరియలు కొండల్లోనే పడతాయి, అదీ వాన కురుస్తున్నప్పుడే.

వాస్తవం: ఎత్తైన నేలను తవ్వి మార్గం వేసిన ప్రతి కటింగూ చిన్న కొండే. నీరు లోపలికి ఇంకి, మట్టి రేణువుల మధ్య ఒత్తిడి పెంచి, పట్టును సడలించడానికి గంటలు పట్టవచ్చు, రోజులూ పట్టవచ్చు. ముందు వారాల్లో కురిసిన వానకు నేల నాని ఉంటే చివరి చిన్న జల్లు సరిపోతుంది. 2020 ఆగస్టు 12న స్కాట్లండ్‌లోని కార్మాంట్ వద్ద ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన ప్రమాదంలో కొండ కూలలేదు. నీటిని క్షేమంగా కిందికి దించడానికి వాలు మీద వేసిన డ్రెయిన్‌లోని గులకరాళ్లే భారీ వానకు కొట్టుకువచ్చి పట్టాల మీద పడ్డాయి. ఆ డ్రెయిన్‌ను డిజైన్ ప్రకారం కట్టలేదని దర్యాప్తులో తేలింది. కాపాడడానికి పెట్టినదే కూలదోసిన ఆ ఉదంతాన్ని మా పనిలోకి వచ్చే ప్రతివారికీ చెప్పాలంటాను. పాత కట్టల గురించీ ఒక మాట: 19వ శతాబ్దంలో వేసిన అనేక కట్టలను మట్టి కుమ్మరించి లేపారు గాని, ఇప్పటిలా పొరలు పొరలుగా దిమ్మిస చేయలేదు. మట్టి ప్రవర్తనను లెక్క కట్టే శాస్త్రానికి టెర్జాగీ అనే ఇంజనీరు పునాది వేసింది 1925లో. పాతది గనుక గట్టిదన్న నమ్మకానికి ఇక్కడ చోటు లేదు.

అపోహ: లోకో పైలట్ అడ్డంకిని చూసి బ్రేకు వేయగలడు, వేగం తగ్గించి అందరి సమయం వృథా చేయడం దేనికి?

వాస్తవం: కార్మాంట్ రైలు ఆ గులకరాళ్లను ఢీకొన్నప్పుడు గంటకు దాదాపు 117 కిలోమీటర్ల వేగంతో ఉంది. అంతటి వేగంలో ఆగడానికి రైలుకు ఎన్నో వందల మీటర్లు కావాలి, బరువైన రైలుకు కిలోమీటరు దాకా పట్టవచ్చు. వంపులోనో, కుండపోతలోనో, చీకటిలోనో కంటికి అందే దూరం అందులో చిన్న భాగం. ఆగే దూరం వేగపు వర్గాన్ని అనుసరించి మారుతుంది గనుక 120 నుంచి 40 కిలోమీటర్లకు తగ్గితే అది సుమారు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. అప్పుడు చూసిన దానికి ముందే ఆగడం సాధ్యమవుతుంది. 2003 జూన్ 22న మహారాష్ట్రలోని వైభవ్‌వాడి వద్ద కొంకణ్ మార్గంలో బండరాళ్లను ఢీకొన్న రైలులో 50 మందికి పైగా చనిపోయారు. ఆ మార్గంలో ఏటా వర్షాకాలానికి వేరే టైంటేబుల్ పెట్టి, వేగం తగ్గించి నడుపుతారు. ఆలస్యాన్ని ముందే టైంటేబుల్‌లో అచ్చువేసి చెప్పే ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

అపోహ: గండి పడింది ఒక్కచోట, వందల కిలోమీటర్ల దూరంలోని రైళ్లనూ రద్దు చేయడం చేతకానితనం.

వాస్తవం: రైలు పెట్టెల వరుస, అంటే రేక్, ఒక ఊరికి వెళ్లి తిరిగి మరో పేరుతో మరో ఊరికి బయలుదేరుతుంది. అది గండికి అవతల చిక్కుకుంటే ఇవతల రేపటి రైలుకు పెట్టెలు లేవు. దారి మళ్లించాలంటే ఆ మార్గంలో ఖాళీ ఉండాలి, అక్కడ విద్యుత్తు తీగలు ఉండాలి లేదా డీజిల్ ఇంజను దొరకాలి. ఆ మార్గపు ఎత్తుపల్లాలు, సిగ్నళ్లు ఎరిగిన లోకో పైలట్ కావాలి, అతని పని గంటలు అయిపోకుండా ఉండాలి. వీటిలో ఒక్కటి తప్పినా మళ్లింపు కాగితం మీదనే మిగులుతుంది. అయితే ప్రయాణికునికి ఈ సంగతి సకాలంలో చెప్పకపోవడాన్ని నేను సమర్థించను. అది వరద చేసిన తప్పు కాదు.

అపోహ: రైళ్లు మళ్లీ కదిలాయంటే మరమ్మతు పూర్తయినట్టే.

వాస్తవం: 2014 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని డాలిష్ వద్ద తుపాను అలలకు సముద్రపు గోడ కూలి, సుమారు 80 మీటర్ల మేర పట్టాలు గాలిలో వేలాడాయి. ముందుగా సరుకు రవాణా కంటెయినర్లను రాళ్లతో నింపి, వరుసగా పేర్చి అలలకు తాత్కాలికపు అడ్డు కట్టి, దాని చాటున పనిచేసి ఏప్రిల్ 4న మార్గం తెరిచారు. మరింత ఎత్తైన కొత్త గోడ కట్టే పని ఆ తరువాత సంవత్సరాల తరబడి సాగింది. 2024 సెప్టెంబరు మొదట్లో తెలంగాణలోని కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోయినప్పుడు కొద్ది రోజుల్లోనే రైళ్లు కదిలాయి గాని, అంత త్వరగా పోసిన మట్టి అంత త్వరగా కుదురుకోదు.

కొత్తగా పూడ్చిన గండి మీదుగా మొదట వెళ్లేది ప్రయాణికుల రైలు కాదు. ఖాళీ ఇంజనో, గూడ్సు బండో నడక వేగంతో పోతుంటే మేము పక్కన వంగి నిలబడి, ఒక్కొక్క చక్రం కింద స్లీపరు ఎంత దిగి ఎంత లేస్తున్నదో చూస్తాము. దిగిన చోట మళ్లీ కంకర కుక్కుతాము. మరునాడు మళ్లీ చూస్తాము. స్లీపరు దిగడం ఆగే కొద్దీ వేగం పది, ఇరవై, ముప్పై కిలోమీటర్లుగా పెరుగుతుంది. గండి పూడిన వారాల తరువాత కూడా ఆ చోట రైలు నెమ్మదించి, కిటికీలోంచి చూసేవారికి కొత్త ఎర్రమట్టి కనిపించడం అందువల్లనే.