వెంట్రుకను నానబెట్టే వెంట్రుక

కొత్తగా కొన్న పంది వెంట్రుకల షేవింగ్ బ్రష్‌ను మొదటిసారి గోరువెచ్చని నీళ్ల మగ్గులో ముంచి ఐదు నిమిషాలు వదిలేశాను. తిరిగొచ్చేసరికి బాత్రూమంతా వానకు తడిసిన పశువుల కొట్టం వాసన. "ఏం నానబెట్టావురా అందులో?" అని అమ్మ వంటింట్లోంచే అడిగింది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఆ వాసన కాదు. ముంచకముందు ఆ కుచ్చును చెంపకు ఆనిస్తే చీపురు పుల్లల్లా గుచ్చుకుంది. ఇప్పుడు అదే కుచ్చు అరచేతిలో మెత్తగా పరుచుకుంటోంది. సబ్బు తగల్లేదు, నూనె తగల్లేదు. ఉత్త నీళ్లు.

ఆ రోజు మొదలు నాలుగు బ్రష్‌లు మార్చి మార్చి వాడి చూశాను. పంది వెంట్రుకలది, గుర్రం వెంట్రుకలది, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది, పోలిక కోసం ఒక పాలిస్టర్ పీచుది. రేజరు, సబ్బు, బ్లేడు రకం మార్చలేదు. షేవింగ్ బ్రష్ ఉన్నది నురగ చేయడానికేనని చిన్నప్పటి నుంచీ అనుకునేవాణ్ణి. వాడుతున్నకొద్దీ తెలిసింది, నురగ కంటే ముందు అది నీళ్లు మోస్తుందని. మగ్గులోని నీటిని గడ్డం దాకా తెచ్చి, కారిపోకుండా రెండు మూడు నిమిషాలు అక్కడే నిలబెడుతుంది. ఏ వెంట్రుక ఆ పని ఎలా చేస్తుందో చూడటమే నాకు అన్నిటికంటే ఇష్టంగా అనిపించింది.

పంది వెంట్రుకైనా, గుర్రం తోకైనా, మన గడ్డమైనా పదార్థం ఒకటే. కెరాటిన్ అనే ప్రోటీన్. మన గోళ్లు, ఆవు గిట్టలు కూడా దానితో తయారైనవే. వెంట్రుక పైభాగాన బంగాళా పెంకుల కప్పులా ఒకదాని మీద ఒకటి ఒరిగిన పలుచని పొలుసులుంటాయి. లోపల పొడవునా తాడు పేనినట్టు కెరాటిన్ పోగులు. ఆ పోగులను కలిపి ఉంచే బంధాల్లో గంధకం పరమాణువుల మధ్య ఉండేవి గట్టివి, అవి నీళ్లకు లొంగవు. హైడ్రోజన్ బంధాలు ఒక్కొక్కటీ బలహీనమే, కానీ లెక్కలేనన్ని ఉంటాయి. నీటి అణువులు లోపలికి దూరి ఆ బంధాలను విడదీసి తాము చోటు చేసుకుంటాయి. దాంతో పోగుల మధ్య పట్టు సడలి వెంట్రుక మెత్తబడుతుంది. ఆరిపోగానే బంధాలు మళ్లీ కుదురుకుంటాయి. తలస్నానం చేసి తడి జుట్టుతో పడుకుంటే, పొద్దునకు జుట్టు దిండు ఎలా ఒత్తితే అలాగే ఉండిపోయేది ఇందుకే.

పూర్తిగా నానిన వెంట్రుక తన బరువులో దాదాపు 30 శాతం నీటిని పీల్చుకుంటుంది. లావు సుమారు 15 శాతం పెరుగుతుంది. పొడవు పెరిగేది మాత్రం ఒకటి రెండు శాతమే. పోగులన్నీ పొడవునా పేర్చి ఉన్నాయి కాబట్టి, మధ్యలో చేరిన నీరు వాటిని పక్కలకే నెట్టగలదు. పంది వెంట్రుక లావైనది, నీళ్లు బాగా తాగేది. అందుకే దాన్ని నానబెట్టకుండా వాడితే సబ్బులో కలపాల్సిన నీళ్లను అదే తాగేస్తుంది, చెంప మీద నురగ ఎండి అట్టకట్టేస్తుంది. మొదటి రెండు రోజులు నాకు జరిగింది ఇదే. పాలిస్టర్ పీచుకు ఈ గొడవ లేదు. అది పీల్చే నీరు దాని బరువులో ఒక శాతం కూడా ఉండదు. ముంచి తీసిన క్షణం నుంచే పని మొదలుపెడుతుంది. తొందరలో ఉన్న రోజు నేను తీసేది దాన్నే.

వెంట్రుక లోపలే కాదు, వెంట్రుకల మధ్య కూడా నీళ్లు నిలుస్తాయి. సన్నటి గొట్టంలో నీరు తనంతట తాను పైకి పాకడాన్ని బళ్లో కేశనాళికీయత అని చదువుకున్నాం. వెంట్రుకంత సన్నని నాళం అన్న ఊహలోంచి వచ్చిన మాట అది. బ్రష్‌లో నాళాలు లేవు గానీ, వేల వెంట్రుకల మధ్య సందులున్నాయి. సందు ఎంత ఇరుకైతే నీరు దాన్ని అంత గట్టిగా అంటిపెట్టుకుంటుంది. బ్రష్‌ను తలకిందులుగా పట్టుకుంటే కాసిని నీళ్లు కారి ఆగిపోతాయి. మిగిలిన నీళ్లు పిండితే తప్ప రావు.

ఇంట్లోనే చేసి చూడదగిన పరీక్ష ఇంకొకటుంది. గాజు గ్లాసు నీళ్లలో బ్రష్ ముంచి పక్కనుంచి చూడండి. లోపల వెంట్రుకలు దేనికది విడివిడిగా తేలుతుంటాయి. మెల్లగా పైకి తీయండి. గాలి తగలగానే గుంపులు గుంపులుగా అతుక్కుని మొనలు ఏర్పడతాయి. 2004లో పారిస్‌కు చెందిన జోసే బికో, ఆయన తోటి శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాసింది ఈ తడి వెంట్రుకల గురించే. నీటి తలతన్యత, అంటే సాగదీసిన పొరలా ముడుచుకోవాలని చూసే నీటి ఉపరితలపు గుణం, పక్కపక్క పోగులను దగ్గరికి లాగుతుంది, పోగుల బిరుసుతనం వాటిని విడదీయాలని చూస్తుంది. మొదట రెండేసి కలుస్తాయి, ఆ జతలు మళ్లీ జతకడతాయి, అలా గుంపు పెద్దదవుతూ పోతుంది. బిరుసుతనం గెలిచిన చోట గుంపు పెరగడం ఆగుతుంది. సబ్బు తగిలితే ఈ లెక్క మారిపోతుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లుంటే, సబ్బు నీటిలో అది 30 దగ్గరికి పడిపోతుంది. దగ్గరికి లాగే బలం సగానికి పైగా తగ్గడంతో, సబ్బు మీద నాలుగు చుట్లు తిప్పేసరికి కుచ్చు పువ్వులా విచ్చుకుంటుంది.

ఇక బ్యాడ్జర్. మన నీటికుక్కలకు దగ్గరి చుట్టమైన జంతువు, బొరియలు తవ్వుకుని బతుకుతుంది. ఫ్రెంచ్ భాషలో ఈ జంతువునూ షేవింగ్ బ్రష్‌నూ ఒకే మాటతో పిలుస్తారు, బ్లెరో అని. అంతగా ముడిపడిపోయింది దాని బతుకు మగవాళ్ల గడ్డంతో. డాలస్ నుంచి వచ్చినప్పుడు మా బావ ఇచ్చిన బ్రష్ ఇది. వెంట్రుక మొన తెల్లగా, నడుమ నల్లగా, మొదలు మళ్లీ తెల్లగా ఉంటుంది. మొదటిసారి ముఖానికి ఆనించినప్పుడు వెంట్రుకలు తగిలినట్టే అనిపించలేదు, వెచ్చటి నీళ్లు తగిలినట్టుంది. ఆ మెత్తదనానికి కారణం మొనలు సన్నబడటం. గుండ్రటి పోగు వంగడానికి చూపే బిరుసుతనం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. అంటే లావు సగమైతే బిరుసుతనం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. నడుమ లావుగా ఉన్న వెంట్రుక కుచ్చును నిలబెడుతుంది, సన్నటి మొన చర్మం మీద వాలిపోతుంది. కొత్త రకం పాలిస్టర్ పీచుల కొసలను సన్నగా తీర్చేది ఈ సూత్రం పట్టుకునే. ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని బ్యాడ్జర్ బ్రష్‌లకు తరగతులు చెబుతారు గానీ, అవి కంపెనీని బట్టి మారే పేర్లు.

అంత బాగున్నా ఆ బ్రష్‌ను ఇప్పుడు వాడటం లేదు. బ్రిటన్‌లో బ్యాడ్జర్లకు 1992 నాటి చట్టం రక్షణ ఇస్తోంది. బ్రష్‌లకు వచ్చే వెంట్రుకలో ఎక్కువ భాగం చైనాది, జంతువును చంపితే వచ్చేది. మన దగ్గర ఇలాంటి కథే ముంగిసది. బొమ్మలు గీసే మేలురకం కుంచెల కోసం ముంగిసలను చంపుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. 2019లో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేస్తే 50,000కు పైగా కుంచెలు, 100 కిలోలకు మించి ముంగిస వెంట్రుక దొరికాయి. కుంచెల తయారీకి పేరుపడ్డ ఉత్తరప్రదేశ్‌లోని షేర్‌కోట్ కూడా ఆ దాడుల్లో ఉంది. ఒక కిలో వెంట్రుకకు ఎన్ని ప్రాణాలో ఊహించుకుంటే చెయ్యి వెనక్కి పోతుంది. నాలుగో ఘాతం లెక్క తెలిసిపోయాక, పాలిస్టర్‌తో ఆ మెత్తదనం సాధించగలిగాక, బ్యాడ్జర్‌ను చంపాల్సిన అవసరం నాకు కనిపించలేదు.

గుర్రం సంగతి వేరు. జూలు నుంచీ తోక నుంచీ కత్తిరిస్తారు, జంతువు బతికే ఉంటుంది. వాడుకలో పందికీ బ్యాడ్జర్‌కూ నడుమన ఉంటుంది. మొన కాస్త గరుకు, నీళ్లు తాగడం మధ్యస్థం. కానీ గుర్రం వెంట్రుకకు ఒక చేదు చరిత్ర ఉంది, దాన్ని వదిలేసి ముందుకు పోలేను.

మొదటి ప్రపంచ యుద్ధం రాకముందు ఆసియా నుంచి వచ్చే వెంట్రుకను ఐరోపాలో శుభ్రం చేసి తయారీదారులకు పంపేవారు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. చైనా, సైబీరియా, జపాన్‌ల గుర్రం వెంట్రుక సరిగా శుద్ధి కాకుండానే అమెరికాకు, బ్రిటన్‌కు చేరింది. రంగు మార్చి బ్యాడ్జర్‌లా కనిపించేలా చేసినవీ వాటిలో ఉన్నాయి. ఆ వెంట్రుకతో పాటు ఆంత్రాక్స్ బీజాలు కూడా వచ్చాయి. పశువుల డాక్టర్లు దొమ్మ వ్యాధి అనేది దీన్నే. విష వాయువు నుంచి కాపాడే ముసుగు ముఖానికి సరిగ్గా అతకాలంటే సైనికుడు నున్నగా గడ్డం గీసుకోవాలి. రేజరుతో చిన్న గాటు పడుతుంది, బ్రష్ ఆ గాటులోకే బీజాలను రుద్దుతుంది. 1915 నుంచి పదేళ్లలోపు సైనికులు, మామూలు జనం కలిపి 200 మందికి పైగా షేవింగ్ బ్రష్‌ల వల్ల ఆంత్రాక్స్ బారిన పడ్డారు. కొందరు చనిపోయారు. ఆ సూక్ష్మజీవి గట్టి తొడుగు వేసుకుని బీజంగా మారి, నీరూ తిండీ లేకుండా దశాబ్దాలు నిలవగలదు. అలా మారే తీరును జర్మన్ వైద్యుడు రాబర్ట్ కాచ్ 1876లోనే చూపించాడు. జబ్బుపడి చచ్చిన పశువులను కోయడం, ముట్టుకోవడం వల్ల విశాఖ మన్యంలో చర్మపు ఆంత్రాక్స్ కేసులు మన కాలంలోనూ వచ్చాయి. నేడు వెంట్రుకను వేడితో శుద్ధి చేశాకే బ్రష్‌లు కడుతున్నారు, కొత్తవాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. పాత వస్తువుల అంగట్లో 1930కి ముందునాటి బ్రష్ ముచ్చటగా కనిపించినా అలమారాలో పెట్టుకోండి, ముఖానికి మాత్రం వద్దు.

ఇక మళ్లీ నీళ్ల దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో మా ఇంటికి ఒక కుళాయిలో మంజీరా నీళ్లు, ఇంకో కుళాయిలో బోరు నీళ్లు వస్తాయి. బోరు కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు ఎప్పుడూ ఉంటుంది. ఒకే సబ్బు, ఒకే బ్రష్‌తో రెండు నీళ్లూ ప్రయత్నించాను. బోరు నీళ్లతో వచ్చిన నురగలో పెద్ద పెద్ద బుడగలు, చూస్తుండగానే చిట్లిపోయాయి. గిన్నె అంచున బూడిదరంగు తెట్టె మిగిలింది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బులోని కొవ్వు ఆమ్లాలను పట్టుకుని కరగని పదార్థంగా మార్చేస్తాయి. ఆ తెట్టె అదే. సబ్బులో కొంత భాగం ఇలా ఖర్చయిపోయాక మిగిలిందే నురగ కట్టాలి. మంజీరా నీళ్లతో నురగ పెరుగులా చిక్కగా వచ్చింది, పిడి తిరగేసినా జారలేదు. మీ ఇంట్లో నురగ సరిగా రాకపోతే బ్రష్‌నో సబ్బునో మార్చేముందు తాగేనీళ్లు ఒక గ్లాసు వాడి చూడండి.

షేవింగ్ సబ్బులో స్టియరిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం వంతు ఎక్కువ, స్నానం సబ్బులో ప్రధానంగా ఉండే సోడియంతో పాటు పొటాషియం కూడా ఉంటుంది. పొటాషియం సబ్బు సులువుగా కరుగుతుంది, స్టియరిక్ ఆమ్లం బుడగ గోడలకు బలమిస్తుంది. బ్రష్ వెంట్రుకలు పెద్ద బుడగలను మళ్లీ మళ్లీ చీల్చి చిన్నవిగా చేస్తాయి. బుడగ ఎంత చిన్నదైతే నురగ అంతసేపు నిలుస్తుంది, దాని గోడల్లో పట్టి ఉన్న నీరు అంతసేపు గడ్డాన్ని తడుపుతుంది. గడ్డం వెంట్రుకలోనూ ఉన్నది కెరాటినే కాబట్టి, మగ్గులో పంది వెంట్రుకకు జరిగిందే ఇప్పుడు చెంప మీద జరుగుతోంది. హైడ్రోజన్ బంధాలు సడలి, వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది. కోయడానికి కావలసిన బలం బాగా తగ్గుతుంది.

ఉక్కు బ్లేడుకు వెంట్రుక ఒక లెక్కా అనిపించవచ్చు. వెంట్రుక కంటే ఉక్కు దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా బ్లేడు మొద్దుబారుతుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జాన్‌లూకా రోషోలీ, జెమ్ తాసాన్ బృందం సైన్స్ పత్రికలో దీనికి జవాబు చెప్పింది. రోషోలీ తానే గడ్డం గీసుకుంటూ, తర్వాత బ్లేడు అంచును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాడు. అంచు అరిగి గుండ్రబడటం కంటే చిన్న చిన్న పెచ్చులుగా ఊడటం ఎక్కువ కనిపించింది. ఉక్కు లోపలి నిర్మాణం అంతటా ఒకేలా ఉండదు. వెంట్రుక నిటారుగా కాక వాలుగా తగిలి, అంచులోని అలాంటి బలహీనమైన చోటే నొక్కితే అక్కడ పగులు మొదలవుతుంది. ఇది చదివాక గడ్డాన్ని బ్రష్‌తో పైకి కిందికి రుద్దుతున్నప్పుడు అది నాకు లాంఛనంలా అనిపించడం మానేసింది.

మూడు వారాలు గడిచాక పంది బ్రష్‌ను భూతద్దం కింద పెట్టాను. కొత్తలో ఒకే మొనగా ఉన్న వెంట్రుకల్లో చాలావాటి కొసలు రెండుగా, మూడుగా చీలి ఉన్నాయి. తల వెంట్రుక కొస చిట్లితే కత్తిరించి పారేస్తాం. ఇక్కడ ఆ చీలికే బ్రష్‌కు మెత్తదనం ఇచ్చింది. చీలిన ఒక్కో పాయ మొదటి మొన కంటే సన్నం, నాలుగో ఘాతం ఇక్కడా పని చేస్తోంది. నురగ కూడా ముందుకంటే తొందరగా కడుతోంది. పశువుల కొట్టం వాసన పూర్తిగా పోయింది.

ఇన్ని నీళ్లు మోసిన బ్రష్‌లోంచి ఆ నీళ్లు బయటికి పోవాలి. సబ్బు జాడ లేకుండా కడిగి, పిండి, నాలుగుసార్లు విదిల్చి, గాలి ఆడే కిటికీలో పెడతాను. తడితో డబ్బాలో మూసిపెడితే బూజు పడుతుంది, కుచ్చు మొదలు దగ్గరి జిగురు ఊడి వెంట్రుకలు రాలతాయి. మరిగే నీళ్లు కూడా ఆ జిగురుకు పడవు. కుచ్చు పైకి ఆరినట్టే ఉంటుంది గానీ వేలు లోపలికి పోనిస్తే మొదలు దగ్గర చెమ్మ తెలుస్తుంది. వానాకాలంలో అది మర్నాటికి కూడా ఆరదు. అందుకే కిటికీలో రెండు బ్రష్‌లు పెట్టుకున్నాను, రోజు విడిచి రోజు. నిన్న గుర్రానిది, ఇవాళ పందిది.