సగాడా: టూరిస్టులకు దారి మూసే కొండ ఊరి వెనక కథ

2025లో భారతీయులకు వీసా లేకుండా 14 రోజులు ఉండే వీలు ఇచ్చాక ఫిలిప్పీన్స్ టికెట్లు వెతుకుతున్నవాళ్లు మనలోనూ ఎక్కువయ్యారు. దావావ్‌లో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలైతే ఎప్పటినుంచో ఉన్నారు. అందరూ బీచ్‌ల వైపే పోతారు గానీ, లూజాన్ దీవి ఉత్తరాన కార్డిల్లెరా కొండల్లో, 1,500 మీటర్ల ఎత్తున సగాడా అని ఒక మున్సిపాలిటీ ఉంది. పేరుకే మున్సిపాలిటీ, నిజానికి మన చిన్న మండలం లాంటిది. 19 పల్లెలు, మొత్తం జనం 11 వేల పైచిలుకు. అక్కడికి పోవాలంటే ముందు మున్సిపల్ ఆఫీసులో పేరు రాయించుకుని రుసుము కట్టాలి. గుహలకైనా జలపాతానికైనా లోకల్ గైడ్ లేకుండా కదలనివ్వరు. ఇవన్నీ సరిగ్గా చేసినా కొన్ని రోజుల్లో బొమోద్-ఓక్ జలపాతం దారిలో అడుగు పెట్టనివ్వరు, ఎందుకంటే ఆ రోజు ‘ఓబాయా’. ఊరంతా పొలం పని ఆపేసే దినం అది, బయటివాళ్లు లోపలికి రాకూడదు. అంతదూరం వచ్చి వెనక్కి తిరిగినవాళ్లకు మండుతుంది, సహజమే. ఇదేదో ఈ మధ్య టూరిజం కోసం పెట్టిన నిబంధన అనుకుంటే మాత్రం పొరపాటు.

అక్కడివాళ్లు కంకనాయ్ ప్రజలు. కొండవాళ్లందరినీ కలిపి ఇగొరోట్‌లంటారు. స్పెయిన్ మూడు వందల ఏళ్లకు పైగా ఫిలిప్పీన్స్‌ను ఏలినా ఈ కొండల మీద పూర్తి పట్టు ఎప్పుడూ దొరకలేదు, బంగారం కోసం ఎన్నిసార్లు దండు పంపినా. సగాడాలోనే ఉండి, అక్కడి స్కూల్లో పాఠాలు చెప్పి, 1993లో చనిపోయాక అక్కడే సమాధి అయిన చరిత్రకారుడు విలియం హెన్రీ స్కాట్ చెప్పింది నాకు చాలా సబబుగా అనిపిస్తుంది: కొండవాళ్లకూ మైదానం వాళ్లకూ మధ్య తేడా పుట్టుకతో వచ్చింది కాదు, స్పెయిన్‌కు లొంగినవాళ్లు, లొంగనివాళ్లు అన్నదే అసలు తేడా.

ఊరి వ్యవహారాలు తేలేది దప్-అయ్‌లో. బండలు గుండ్రంగా పరిచి మధ్యలో నిప్పు పెట్టుకునే చోటు అది, పెద్దలు అక్కడే కూర్చుని నాట్లు ఎప్పుడో, కోత ఎప్పుడో, ఓబాయా ఏ రోజో తేలుస్తారు. చలి ఎక్కువ కాబట్టి మడుల్లో చాలాచోట్ల వరి ఏడాదికి ఒక్క పంటే. ఆ బియ్యం సంవత్సరమంతా సరిపోదు, మిగతాది క్యాబేజీ, బీన్స్, బంగాళాదుంపలు, నారింజ, అరబికా కాఫీ అమ్మి కొనుక్కోవాల్సిందే. పంది మాంసానికి ఉప్పు పట్టించి ఎండలోనో పొగలోనో వారాల తరబడి ఆరబెట్టిన ‘ఎతాగ్’ ముక్కలు కోడిపులుసులో పడితే గానీ అక్కడ పండగ కాదు. వాసన మాత్రం ఘాటే.

1904లో అమెరికన్ మిషనరీ జాన్ స్టాంటన్ వచ్చాడు. చర్చి, స్కూలు, కలప కోసే మిల్లు పెట్టాడు. ఈ మారుమూల కొండ ఊళ్లో ఇంగ్లీషు బాగా మాట్లాడటం వెనక ఆ స్కూలే ఉంది. పాత పద్ధతులు మాత్రం పోలేదు, రెండూ పక్కపక్కనే సాగాయి. నవంబర్ 1న చర్చి వెనక శ్మశానంలో ప్రతి సమాధి దగ్గరా కొవ్వొత్తులకు బదులు జిగురున్న పైన్ చెక్కలు మంట పెడతారు, సాయంత్రానికి కొండంతా నారింజ రంగు వెలుగు, కళ్లు మండే నల్లటి పొగ. అదే ఊళ్లో సున్నపురాయి కొండకు శవపేటికలు వేలాడతాయి. పేటికలు పొట్టిగా ఎందుకున్నాయని చూసినవాళ్లంతా అడుగుతారు. మనిషి తల్లి కడుపులో ఎలా ముడుచుకుని ఉంటాడో అలాగే పంపాలని శవాన్ని ముడిచి పెడతారు, అందుకు. కొన్నిటి పక్కనే చెక్క కుర్చీ కూడా కట్టి ఉంటుంది, దహన సంస్కారం లేని ఆ ఊళ్లో శవాన్ని రోజుల తరబడి ఇంట్లో కూర్చోబెట్టిన కుర్చీ అది. అందరికీ ఈ గౌరవం దక్కదు, మనవలను చూసి, సహజంగా పోయిన పెద్దవాళ్లకే. కాబట్టి ఈ పేటికలు వేలాడే ఎకో వ్యాలీ అనే లోయలో మనం సెల్ఫీ తీసుకునేది ఎవరో ఒకరి తాత ముందర.

భూమి గొడవ అర్థం కాకపోతే ఈ జాగ్రత్త అంతా చాదస్తంలా కనిపిస్తుంది. నియంత మార్కోస్ దేశాన్ని ఏలిన కాలంలో, 1975లో వచ్చిన అటవీ ఉత్తర్వు 18 శాతం లేదా అంతకు మించి వాలున్న నేలను ప్రైవేటు పట్టాకు ఇవ్వకూడదంది. ఇలాంటి కొండ ఊళ్లో అంతకంటే తక్కువ వాలున్న నేల ఎంతుంటుంది? తాతముత్తాతలు రాళ్లు పేర్చి కట్టిన మడులు, వంశాల వారీగా కాపాడుకున్న పైన్ అడవులు (బతంగాన్ అంటారు) ఒక్క సంతకంతో కాగితం మీద సర్కారువైపోయాయి. అదే రోజుల్లో ప్రపంచ బ్యాంకు డబ్బుతో చికో నది మీద నాలుగు ఆనకట్టలు కడతామన్నారు. నీళ్లలో మునగాల్సిన ఊళ్లు పక్కనున్న బొంటోక్, కళింగా ప్రజలవి. వాళ్లు ఎదురు తిరిగారు, 1980 ఏప్రిల్ 24న వాళ్ల నాయకుడు మక్లి-ఇంగ్ దులాగ్‌ను సైనికులు కాల్చి చంపారు. చివరికి ఆనకట్టలు ఆగాయి. ఆ తర్వాత సైన్యానికీ కమ్యూనిస్టు గెరిల్లాలకూ మధ్య నలిగిపోయిన సగాడా, 1980ల చివర్లో మా ఊళ్లో ఎవరూ తుపాకీతో తిరగొద్దని శాంతి ప్రాంతంగా ప్రకటించుకుంది. పూర్వీకుల భూమి మీద హక్కును గుర్తించే చట్టం 1997లో గానీ రాలేదు. బయటివాళ్లు ఎవరైనా సరే, వచ్చే ముందు ఊరిని అడగాలి అన్న పట్టుదల ఈ అనుభవాల్లోంచి గట్టిపడిందే.

టూరిజం మొదట్లో మెల్లగానే పెరిగింది. 1970ల నుంచి వీపు మీద సంచీ వేసుకుని వచ్చే విదేశీయులు కొందరు, అంతే. కొండల మీదుగా ఇటు వచ్చే హాల్సెమా రోడ్డు (2,200 మీటర్ల ఎత్తు దాటి పోతుంది, వానాకాలంలో కొండచరియలు పడటం మామూలే) బాగుపడ్డాక మనీలా జనం మొదలయ్యారు. 2015లో థియేటర్లలోకి వచ్చిన ఒక ప్రేమకథలో, మేఘాల సముద్రం కనిపించే కిల్‌టెపాన్ కొండ మీద హీరోయిన్ గుండె పగిలేలా అరిచే సీన్ ఒకటి ఉంది. ఇక చూసుకోండి, 11 వేల జనమున్న చోటికి ఏడాదికి లక్షమందికి పైగా వచ్చారు, తెల్లవారుజామున నాలుగింటికి ట్రాఫిక్ జామ్. చెత్త ఎక్కడ పోయాలో తెలియదు. సున్నపురాయి నేల కాబట్టి పడిన వాన చాలావరకు కింది గుహల్లోకి దిగిపోతుంది, ఎండాకాలం కుళాయిలు ఎండితే ఉన్న నీళ్లలో లాడ్జీల షవర్లకు ఎంత, పొలాలకు ఎంత అని లెక్క చూసుకోవాల్సిందే. సుమగింగ్ గుహను చెక్కింది కూడా ఆ నీళ్లే. గైడ్ గ్యాస్ లాంతరు ఎత్తి చూపిస్తే మడులు కట్టినట్టు పేరుకున్న రాతి మీద నీళ్లు జారుతూ కనిపిస్తాయి, చెప్పులు విప్పి నడవాల్సి వస్తుంది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు సగాడా తలుపులు మూసుకుంది, గైడ్లకు, లాడ్జీలకు దెబ్బ గట్టిగానే తగిలింది. దాంతో టూరిజం మీద ఎంత ఆధారపడ్డారో వాళ్లకే తెలిసొచ్చింది. అయితే ఆ డబ్బు అందరికీ ఒకేలా రాదు. గదులు, హోటళ్లు, వ్యాన్‌లు ఉన్నవి ఊరి నడిబొడ్డున. జలపాతం దారి మాత్రం ఫిదెలిసాన్ వైపు రైతుల వరి మడుల గట్ల మీదుగా పోతుంది. జారే గట్టు మీద ఒకడు కాలు తప్పితే కూలేది వందల ఏళ్ల రాళ్ల కట్టు, తిరిగి పేర్చుకోవాల్సింది ఆ మడి రైతు. ఓబాయా రోజున దారికి అడ్డంగా కొమ్మలు కట్టేది ఈ రైతులే, దాని గురించి లాడ్జీ ఓనరుతో వాదించి లాభం లేదు.