ఎఫ్‌పీజీఏ బోర్డు కొనే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏటా చలికాలం రాగానే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డుల గురించి ఇంజినీరింగ్ విద్యార్థుల నుంచి నాకు ఒకే ప్రశ్న మొదలవుతుంది. "సార్, ఫైనల్ ఇయర్‌కు ఇమేజ్ ప్రాసెసింగ్ తీసుకున్నాం, తక్కువ ధరలో ఏ బోర్డు కొనమంటారు?" ఏం చేయబోతున్నారని అడిగితే ఎడ్జ్ డిటెక్షన్ (చిత్రంలో అంచులు గుర్తించడం) అంటారు. చిత్రం సైజెంత, పిక్సెల్‌కు ఎన్ని బిట్లు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ రెండు అంకెలు లేకుండా బోర్డు పేరు చెప్పడం, కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమే.

అపోహ: లాజిక్ సెల్స్ (సర్క్యూట్ కట్టడానికి చిప్‌లో ఉండే చిన్న గడులు) ఎన్ని ఎక్కువ ఉంటే బోర్డు అంత మంచిది.

విద్యార్థి ప్రాజెక్టులో ముందు చాలకుండా పోయేది లాజిక్ కాదు, మెమరీ. 640×480 నలుపు తెలుపు చిత్రానికి పిక్సెల్‌కు 8 బిట్ల చొప్పున 24,57,600 బిట్లు కావాలి. అంటే 2,400 కిలోబిట్లు (కిలోబిట్ అంటే ఇక్కడ 1,024 బిట్లు). కాలేజీ ల్యాబుల్లో కనబడే బేసిస్ 3 బోర్డులోని ఆర్టిక్స్-7 ఎఫ్‌పీజీఏ చిప్‌లో ఉన్న బ్లాక్ ర్యామ్ (చిప్ లోపలి మెమరీ) 1,800 కిలోబిట్లు. పట్టదు. బయట విడిగా డీర్యామ్ మెమరీ చిప్ కూడా లేదు. అలాగని బోర్డు పనికిరాదనుకోవద్దు. పిక్సెల్‌ను 4 బిట్లకు కుదిస్తే 1,200 కిలోబిట్లు చాలు. చిత్రాన్ని 320×240కు తగ్గిస్తే 8 బిట్లతోనే 600 సరిపోతాయి. పైగా ఆ బోర్డు వీజీఏ పోర్టు ఒక్కో రంగుకు 4 బిట్లే ఇస్తుంది. మిగతా నాలుగూ దాచుకున్నా తెర మీదికి రావు.

అపోహ: ఫ్రేము మొత్తం మెమరీలో ఉంటేనే ఫిల్టర్ నడుస్తుంది.

సి భాషలో ప్రోగ్రాములు రాసిన అలవాటు ఇది. అక్కడ చిత్రమంతా ఒక అర్రేలో సిద్ధంగా ఉంటుంది. ఇక్కడ పిక్సెళ్లు కుళాయి ధారలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అంచులు పట్టే సోబెల్ ఫిల్టర్‌కు 3×3 పిక్సెళ్ల కిటికీ చాలు కాబట్టి, వెనకటి రెండు వరుసలు దాచుకుంటే పని జరిగిపోతుంది. 2×640×8 అంటే 10,240 బిట్లు. టాంగ్ నానో 9కే లాంటి చిన్న బోర్డులో కూడా 468 కిలోబిట్ల బ్లాక్ మెమరీ ఉంది, అందులో ఇది ఒక మూలకు సర్దుకుంటుంది. సోబెల్ గుణకాలు 1, 2 మాత్రమే. రెండుతో గుణించడమంటే ఒక బిట్ ఎడమకు జరపడమే కదా. అంచు ఎంత బలంగా ఉందో లెక్కించడానికి వర్గమూలం బదులు అడ్డం, నిలువు దిశల విలువల ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి కూడితే కంటికి తేడా పెద్దగా తెలియదు. కాబట్టి డీఎస్పీ బ్లాకులు (చిప్‌లో గుణకారాలు చేసే భాగాలు) 90 ఉన్నాయా, 220 ఉన్నాయా అన్న చర్చ ఈ ప్రాజెక్టుకు అనవసరం.

మరి ఫ్రేము మెమరీ ఎందుకంటే, తెర కోసం. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు పంపుతుంది, మానిటర్ 60 అడుగుతుంది. మధ్యలో చిత్రం కాసేపు ఆగడానికి చోటు కావాలి.

అపోహ: వంద మెగాహెర్ట్జ్ క్లాకుతో వీడియో ఎలా నడుస్తుంది, ఫోనులోనే గిగాహెర్ట్జ్‌లు ఉన్నాయి కదా.

640×480 వీడియోకు పిక్సెల్ క్లాకు 25.175 మెగాహెర్ట్జ్. వంద మెగాహెర్ట్జ్‌లో ఒక్కో పిక్సెల్‌కు దాదాపు నాలుగు క్లాకులు దొరుకుతాయి, పనిని వరుస దశలుగా విడగొట్టే పైప్‌లైన్ సరిగా పేర్చితే ఒక్కటే చాలు. ఈ భయం వదిలేయండి.

అపోహ: పాత బోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొంటే డబ్బు మిగులుతుంది.

ఒక జట్టు ఎంతో సంబరంగా స్పార్టన్-6 బోర్డు తెచ్చుకుంది. ఆ చిప్‌ను ఇప్పటి డిజైన్ సాఫ్ట్‌వేర్ వివాడో గుర్తించదు. దానికి పాత సాఫ్ట్‌వేర్ ఐఎస్ఈ కావాలి, దాని చివరి వెర్షన్ 14.7 వచ్చింది 2013లో. కొత్త ల్యాప్‌టాప్‌లో దాన్ని నిలబెట్టడానికే వాళ్లకు మూడు వారాలు పట్టింది. బోర్డు ధర చూసేముందు దాని సాఫ్ట్‌వేర్ ఉచితమా, మీ కంప్యూటర్‌లో నడుస్తుందా చూడండి.

అపోహ: ఎఫ్‌పీజీఏతోపాటు ప్రాసెసర్ కూడా ఉన్న జింక్ (Zynq) చిప్ బోర్డు కొంటే అంతా సులువు.

అలాంటి బోర్డే అయిన పింక్-జెడ్2 (PYNQ-Z2)లో హెచ్‌డీఎంఐ రాకా పోకా రెండూ ఉన్నాయి, 512 మెగాబైట్ల డీడీఆర్3 ఉంది, పైథాన్ నడుస్తుంది. మంచి బోర్డే. కానీ దాంతోపాటు లినక్స్, చిప్ లోపల డేటా అటూ ఇటూ నడిపే ఏఎక్స్‌ఐ, డీఎంఏ కూడా నేర్చుకోవాలి. ఒక్క సెమిస్టరులో అన్నీ అంటే నాకు నమ్మకం లేదు. వైవాలో "ఇందులో ఎఫ్‌పీజీఏ చేసిన పనేమిటి?" అని అడిగితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

అపోహ: ఓవీ7670 కెమెరా చవక, తగిలిస్తే చిత్రం వచ్చేస్తుంది.

చవకే. అయితే ఎనిమిది డేటా తీగలు, క్లాకులు, సింకులు, సెట్టింగుల తీగలు, రీసెట్, పవర్‌డౌన్ కలిపితే 16 పిన్నులు. బేసిస్ 3లో రెండు పీమాడ్ పోర్టులు (బయటి పరికరాలు తగిలించే సాకెట్లు) పూర్తిగా దీనికే పోతాయి. టాంగ్ నానో 9కేలో కొన్ని పిన్నులు 1.8 వోల్టుల బ్యాంకులో (ఒకే వోల్టేజీ మీద నడిచే పిన్నుల గుంపులో) ఉంటాయి, కెమెరా సిగ్నళ్లను అక్కడికి తీసుకెళ్లకండి. జంపర్ తీగలు మూరెడు పొడవుంటే తెర మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. జానెడు లోపు పెట్టండి. ఇంకొక మాట: వెలుగు, రంగు విలువలను విడివిడిగా పంపే వైయూవీ పద్ధతిలో ప్రతి రెండో బైటు వెలుగు విలువే, నలుపు తెలుపు చిత్రం లెక్కలేమీ లేకుండా దొరుకుతుంది. కాకపోతే ఒక బైటు అటూ ఇటూ జరిగితే వెలుగు బదులు రంగు విలువలు వచ్చి, మనిషి స్థానంలో వెలిసిపోయిన నీడ కనబడుతుంది. దాన్ని చూసి కెమెరా పాడైందని పారేసినవాళ్లున్నారు.

అపోహ: బోర్డు చేతికొస్తేనే పని మొదలవుతుంది.

ఒక ఫొటోను పైథాన్‌తో హెక్స్ అంకెల ఫైలుగా మార్చి, వెరిలాగ్ టెస్ట్‌బెంచ్‌లో (డిజైన్‌ను కంప్యూటర్‌లోనే పరీక్షించే కోడ్‌లో) రీడ్‌మెమ్‌హెచ్ ఆదేశంతో చదివించండి. దాన్ని నడిపే ఐకారస్ వెరిలాగ్ సిమ్యులేటర్ ఉచితం. వచ్చిన ఫలితాన్ని మళ్లీ చిత్రంగా మార్చి, అదే లెక్కను పైథాన్‌లో చేసినదానితో పిక్సెల్ పిక్సెల్ పోల్చండి. నిరుడు ఒక జట్టుకు అంతా సరిపోయి, అంచు పిక్సెళ్ల దగ్గర మాత్రమే తేడా వచ్చింది. మొదటి వరుసకు పైన ఇంకో వరుస ఉండదన్న సంగతి మరిచారు. సరిచేసి చూపించే నాటికి వాళ్ల బోర్డు ఇంకా కొరియర్‌లోనే ఉంది.