పావు సెకను దూరం

మా అమ్మాయి హైస్కూల్లో చేరిన ఏడాది ఆగస్టులో, టెక్సస్‌లోని డల్లాస్ శివార్లలో ఒక స్కూలు పార్కింగ్ లాట్‌లో, మార్చింగ్ బ్యాండ్ (నడుస్తూ వాయించే బృందం) ప్రాక్టీసు మొదటిసారి దగ్గర్నుంచి చూశాను. పొద్దున ఏడున్నరకే తారు వేడెక్కిపోయింది. నేల మీద తెల్ల గీతలు, టోపీలు పెట్టుకున్న రెండు వందల మంది పిల్లలు, గట్టు పక్కన వరసగా నీళ్ల జగ్గులు. ఎవరూ ఏమీ వాయించడం లేదు, నడుస్తున్నారంతే. ఐదు గజాలకు సరిగ్గా ఎనిమిది అడుగులు పడాలి. అంటే అడుగు 57 సెంటీమీటర్లు. ఆరడుగుల పిల్లాడికీ, ఐదడుగుల పిల్లకీ అదే కొలత.

అమెరికా హైస్కూళ్లలో బ్యాండ్ ఒక సబ్జెక్టు. లెక్కలకూ సైన్సుకూ ఉన్నట్టే దానికీ ఒక పీరియడు ఉంటుంది, మార్కులుంటాయి. నేర్పే టీచర్ని డైరెక్టర్ అంటారు. 1923లోనే షికాగోలో స్కూలు బ్యాండ్లకు జాతీయ పోటీ జరిగింది. శరదృతువులో అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో నడుస్తూ వాయిస్తారు, చలికాలం వచ్చాక ఆడిటోరియంలో కుర్చీల్లో కూర్చుని వాయిస్తారు. మా అమ్మాయిది క్లారినెట్. నేను సామాన్లు మోసే తండ్రుల బృందంలో ఒకణ్ణి. మరింబాలను, అంటే కర్ర పలకల మీద కొట్టి వాయించే పెద్ద వాద్యాలను, చక్రాల మీద మైదానంలోకి తోయడం మా పని. అలా పక్కన నిలబడి నాలుగేళ్లు చూశాక, ఇంతమంది కలిసి వాయించగలగడం వెనక ఎంత భౌతికశాస్త్రం ఉందో నాకు తెలిసొచ్చింది.

చెరువు అవతలి గట్టున ఎవరో బండ మీద బట్టలు బాదుతుంటే, చెయ్యి పైకి లేచాక చప్పుడు మన చెవిన పడటం చిన్నప్పుడు చాలామందిమి గమనించే ఉంటాం. వెలుతురు అప్పటికప్పుడు వచ్చేస్తుంది, చప్పుడు వెనకబడుతుంది. 20 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. వినడానికి పెద్ద వేగమే. కానీ ఫుట్‌బాల్ మైదానం ఒక గోల్ గీత నుంచి ఇంకో గోల్ గీత దాకా వంద గజాలు, అంటే 91 మీటర్ల పైచిలుకు. ఆ చివర కొట్టిన డ్రమ్ము ఈ చివరకు చేరడానికి పావు సెకను దాటుతుంది. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక్కో దెబ్బకు మధ్య ఉండేది అర సెకనే. అటు చివర వాళ్లు తాళం వేస్తే ఇటు చివర వాళ్లకు అది సగం తాళం ఆలస్యంగా వినపడుతుందన్నమాట. చెవిని నమ్ముకుని వాయిస్తే రెండో వరుసకే పాట చెదిరిపోతుంది.

మరి వాళ్లెలా కలుస్తున్నారు? ముందు గట్టున ఎత్తైన నిచ్చెన బల్ల మీద నిలబడి, డ్రమ్ మేజర్ అనే విద్యార్థి చేతులతో తాళం వేస్తుంటాడు. డ్రమ్ముల వాళ్లను వీలైనంత వరకు మైదానం వెనక భాగంలో ఉంచుతారు. వాళ్లు ఆ చేతుల్నే చూసి కొడతారు. ఆ దెబ్బ ప్రేక్షకుల వైపు ప్రయాణం మొదలుపెడుతుంది. దారిలో ఉన్న ట్రంపెట్లు, క్లారినెట్లు, ఫ్లూట్లు తమ దగ్గరికి ఆ దెబ్బ చేరిన క్షణంలో తమ స్వరాన్ని దానికి కలుపుతాయి. చెరువులో అల పోతుంటే, అది తగిలినప్పుడల్లా ఒక్కో పడవ దాని మీదికి ఎక్కినట్టు. చివరికి గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు అన్నీ కలిసిన ఒకే అల చేరుతుంది.

అందరికన్నా ముందు, గీత పక్కన మరింబాలు, లోహపు పలకలుండే వైబ్రాఫోన్‌లతో నిలబడే పిల్లల్ని పిట్ అంటారు. వీళ్ల సంగతి ఇంకా విచిత్రం. డ్రమ్ములు 45 మీటర్లు వెనక ఉంటే, ఆ చప్పుడు పిట్‌కు చేరేసరికి సెకనులో ఎనిమిదో వంతు దాటిపోతుంది. అందుకే పిట్ పిల్లలు డ్రమ్ మేజర్ చేతుల్ని చూసి వాయించకూడదు, వెనక నుంచి వచ్చేదాన్ని విని వాయించాలి. ఒకే బ్యాండ్‌లో సగం మంది కంటిని నమ్మాలి, సగం మంది చెవిని నమ్మాలి. ఎవరు దేన్ని నమ్మాలన్నది వాళ్లు నిలబడిన చోటును బట్టి మారుతుంది. పాట నడుస్తుండగానే చోట్లు మారుతుంటాయి కాబట్టి నమ్మకమూ మారుతుండాలి. ఒకరోజు కార్లో మా అమ్మాయి, "ముందున్న పిట్ విన్నామంటే అయిపోయాం నాన్నా, వెనక నుంచి వచ్చేదే వినాలి" అంటుంటే, పదిహేనేళ్ల పిల్ల తరంగాల పాఠం తన ఒంటితో నేర్చుకుందని నాకు అబ్బురమనిపించింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం ఇదే విషయాన్ని చప్పట్లతో పరీక్షించింది. ఇద్దర్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు ఇంకొకరికి హెడ్‌ఫోన్స్‌లో, కావాలని కొంచెం ఆలస్యం చేసి వినిపించారు. ఆలస్యం సెకనులో వందో వంతును దాటి పెరుగుతున్నకొద్దీ లయ నెమ్మదించిపోయింది. నువ్వు వేశాక నేను వేస్తానని ఒకరి కోసం ఒకరు ఆగుతారు, ఆ ఆగడం పేరుకుపోతుంది. ధ్వని సెకనులో వందో వంతులో వెళ్లే దూరం మూడున్నర మీటర్ల లోపే. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు బ్యాండ్ క్లాసులు జూమ్‌లోకి వెళ్లినా, పిల్లలు ఒక్క పాట కూడా కలిసి వాయించలేకపోవడానికి కారణం ఇదే. ఇంటర్నెట్ ఆలస్యం అంతకన్నా చాలా ఎక్కువ. ఎవరింట్లో వాళ్లు హెడ్‌ఫోన్స్‌లో తాళం వింటూ రికార్డు చేసి పంపితే, ఎవరో కూర్చుని అతికేవారు. ఆ రోజుల్లో పిల్లలకు దూరమైనవాటిలో ఇదొకటని ఎంతమంది గుర్తించారో.

లయ సంగతి ఇది. శ్రుతి దగ్గర ఇంకో యుద్ధం.

మన కచేరీలో తంబురా ఆధార షడ్జమాన్ని, అంటే 'స'ను, ఆపకుండా పట్టి ఉంచుతుంది. బ్యాండ్‌లో అలాంటి ఆధారం ఉండదు. మొదట్లో ట్యూబా అనే పెద్ద మంద్రపు బాకా ఒక స్వరం పట్టుకుంటుంది, మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలుస్తారు. రెండు వాద్యాలు ఒకటి 440 హెర్ట్జ్, ఇంకొకటి 443 హెర్ట్జ్ పలికితే, సెకనుకు మూడుసార్లు ధ్వని ఉబ్బి తగ్గుతూ "వావ్, వావ్, వావ్" అని వినిపిస్తుంది. ఇంటర్ ఫిజిక్సులో విస్పందనాలు అని చదువుకున్నవి ఇవే. శ్రుతి దగ్గరపడేకొద్దీ ఆ ఊగడం నెమ్మదిస్తుంది, కలిసిన క్షణంలో ఆగిపోతుంది. ఒకరోజు గది బయట నిలబడి విన్నాను. గొంతులో గరగరలాంటిదేదో పోయినట్టు, నలభై క్లారినెట్ల మోత ఒక్కసారిగా నున్నగా అయిపోయింది.

అందులో ఇంకో మలుపుంది. ఫోన్లో ట్యూనర్ యాప్ ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచినా, డైరెక్టర్ ఒక్కోసారి "నువ్వు కొంచెం దించు" అంటారు. యాప్ ఒక స్థాయిని (కింది 'స' నుంచి పై 'స' దాకా) పన్నెండు సమాన భాగాలు చేసి కొలుస్తుంది. ఆ లెక్కలో షడ్జమం నుంచి అంతర గాంధారం ('గ') 400 సెంట్ల ఎత్తున ఉంటుంది. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. కానీ చెవికి హాయిగా ఒదిగే గాంధారం 5:4 నిష్పత్తిలో, 386 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా పక్కన కూర్చున్నవాళ్లకు, ఎవరూ మీటకుండానే దాని మంద్ర తీగలోంచి పలికే స్వయంభూ గాంధారం తెలుసు కదా, అది ఈ గాంధారమే. షడ్జమ, గాంధార, పంచమాలు కలిపి పట్టినప్పుడు గాంధారం వాయించే పిల్ల ఆ 14 సెంట్లు పెదాలతో దించుకోవాలి. కర్ణాటక సంగీతం నేర్చుకునే మన పిల్లలకు ఈ సంగతి చెబితే వెంటనే పట్టుకుంటారని నాకు గట్టి నమ్మకం.

ఇక వాతావరణం. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున. ఊదే వాద్యంలో గొట్టం పొడవు మారకుండా వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. డిగ్రీకి సుమారు 3 సెంట్లు. టెక్సస్ ఆగస్టులో 40 డిగ్రీలు, నవంబరు చివరి రాత్రి 5 డిగ్రీలు అనుకుందాం. తేడా 35 డిగ్రీలు. లెక్క కడితే వంద సెంట్లు దాటుతుంది, అంటే ఒక పూర్తి స్వరస్థానం. వాయించేవాళ్ల ఊపిరి గొట్టాన్ని వెచ్చబరుస్తుంది కాబట్టి నిజంగా అంత పడిపోదు, కానీ బాగా తెలిసేంత పడిపోతుంది. మరింబా పలకలేమో దాదాపు కదలవు. వేసవిలో వాద్యం కీళ్లు కాస్త బయటికి లాగి గొట్టం పొడవు పెంచితే శ్రుతి దిగుతుంది. చలిలో మాత్రం చిక్కే. పూర్తిగా లోపలికి నెట్టాక ఇంకెంత నెడతారు? అందుకే మైదానంలోకి దిగేముందు పిల్లలు వాద్యాల్లోకి చప్పుడు రాకుండా వెచ్చటి ఊపిరి ఊదుతూ నిలబడతారు. చలికీ ఎండకీ కర్ర క్లారినెట్ పగిలిపోతుందని, మైదానానికి ప్లాస్టిక్‌ది తెచ్చుకుంటారు.

ఇంత శ్రమ చెవికీ మెదడుకూ ఏం చేస్తుందో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నీనా క్రాస్ బృందం చూసింది. షికాగో ప్రాంతపు హైస్కూలు పిల్లల్లో కొందరు బడిలోనే సంగీతం క్లాసు తీసుకున్నారు, కొందరు మన ఎన్‌సీసీ లాంటి శిక్షణ తీసుకున్నారు. తొమ్మిదో తరగతి మొదలు బడి చదువు ముగిసేదాకా వాళ్లను గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. సంగీతం పిల్లల మెదడు ధ్వనికి స్పందించే తీరు ముందుగా పరిణతి చెందింది. మాటలోని శబ్దాలను విడదీసి పట్టుకునే నేర్పు రెండు గుంపుల్లోనూ పెరిగింది కానీ, వీళ్లలో ఎక్కువ పెరిగింది. పరీక్షలో ఉన్నవాళ్లు కొద్దిమందే. అయినా పద్నాలుగేళ్లకు మొదలుపెట్టినా ఆలస్యం కాదనడం నాకు పెద్ద విషయంగా తోచింది. ఐదేళ్లకే మొదలుపెట్టకపోతే లాభం లేదని టెన్షన్ పడే తల్లిదండ్రులు మన వాళ్లలో చాలామంది ఉన్నారు.

ఆ చెవుల్ని కాపాడుకోవడం కూడా అంతే ముఖ్యం. పనిచోట భద్రత, ఆరోగ్యాల మీద పరిశోధించే అమెరికా ప్రభుత్వ సంస్థ (NIOSH) సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్ మోతలో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్‌కు వచ్చేసరికి మిగిలేది పదిహేను నిమిషాలు. మూసిన గదిలో డ్రమ్ముల పక్కన ఆ మోత వచ్చేస్తుంది. మీ పిల్లలు బ్యాండ్‌లో ఉంటే, వాద్యం కొన్న రోజే చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కూడా కొనండి.

మొదటి ఏడాది నవంబరు ఆటలో, విరామం వేళ మా బ్యాండ్ దిగింది. డ్రమ్ములు ఊపందుకోగానే గ్యాలరీలో మేమంతా లయకు చప్పట్లు కొట్టాం. ఇంటికొచ్చాక అమ్మాయి, "నాన్నా, పాట నడుస్తుంటే చప్పట్లు కొట్టకు, ప్లీజ్" అంది. బాధపడింది కాబోలనుకున్నాను. తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. డ్రమ్ముల నుంచి మా దగ్గరికి దాదాపు 45 మీటర్లు. వాళ్ల దెబ్బ మాకు చేరేసరికి ఎనిమిదో వంతు సెకను, మా చప్పట్లు తిరిగి వాళ్లకు చేరేసరికి ఇంకో ఎనిమిదో వంతు. వెయ్యి మంది ఉత్సాహం, పావు సెకను ఆలస్యంగా, తప్పు తాళమై ఆ పిల్లల మీద పడింది. వాళ్లు దాన్ని వినకుండా డ్రమ్ మేజర్ చేతుల్నే చూస్తూ చివరిదాకా వాయించారు.

ఆ తర్వాత మూడేళ్లూ, ఆఖరి స్వరం ఆగేదాకా చేతులు ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.