ఒకే మాట మళ్లీ మళ్లీ: అపోహలు, వాస్తవాలు

ఇతరులకు ఉపన్యాసాలు రాసిపెట్టడం నా పని. ఏది రాసిచ్చినా ఎవరో ఒకరు "ఈ మాట రెండుసార్లు వచ్చిందండీ" అని ఎర్రగీత కొట్టి పంపుతారు.

అపోహ: మాట మళ్లీ వస్తే పునరుక్తి దోషమే.

మరి మొట్టమొదట, చిట్టచివర, పట్టపగలు ఏమిటి? మొదట మొదట, చివర చివర, పగలు పగలు! వ్యాకరణం దీనికి ఆమ్రేడితమని పేరు పెట్టి సంధి సూత్రం కూడా రాసింది. అసలు దోషం "తిరిగి పునఃప్రారంభించారు" లాంటిది. అక్కడ మాటలు వేరు, అర్థం ఒకటే కాబట్టి ఎర్రపెన్ను దాన్ని దాటిపోతుంది.

అపోహ: పర్యాయపదాలు మారుస్తుంటే భాష మీద పట్టున్నట్టు.

కొత్తలో నేనూ అదే అనుకున్నా. పూడిక తీసిన ఒక బావి గురించి రాస్తూ ముందు బావి, తర్వాత నుయ్యి, ఆపైన ఊపులో కూపం అని కూడా రాసేశా. చదివిన పెద్దాయన "ఇంతకీ ఎన్ని తవ్వారు బాబూ?" అన్నారు.

అపోహ: ఎన్నిసార్లు అంటే అంత బలం.

పోతన గజేంద్రుణ్ణి చూడండి. మామూలుగా మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది, ఆయన దాన్ని ఎత్తి పాదం మొదట్లో పెట్టి "కలడందురు దీనుల యెడ" అని మొదలుపెట్టి, మూడు పాదాలూ కలడందురుతోనే నడిపిస్తాడు. చెవి నాలుగోదానికి సిద్ధమైపోయి ఉంటుంది, సరిగ్గా అక్కడ "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటాడు. మూడుసార్లు అలవాటు చేసింది నాలుగోసారి విరగ్గొట్టడానికే. అక్కడా కలడందురు అనే ఉంటే మామూలు స్తోత్రమయ్యేది, మొసలి నోట్లో కాలున్న ఏనుగు భయం మనకు తగిలేది కాదు.

అపోహ: గొప్ప పునరుక్తి ఆశువుగా పుడుతుంది.

దీనికి అందరూ చెప్పేది మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసం, 1963 ఆగస్టు 28, వాషింగ్టన్. 'నాకొక కల ఉంది' అన్న భాగం ఆ రోజు కాగితంలో లేదు, గాయని మహాలియా జాక్సన్ "ఆ కల గురించి చెప్పు" అని కేకేసిన మాటా నిజమే. కానీ అదే కలను ఆయన జూన్‌లో డెట్రాయిట్‌లో చెప్పి ఉన్నాడు. అప్పటికే జనం ముందు చెప్పి చూసుకున్న మాట అది.

తెలుగులో 'నాకొక కల ఉంది' అన్నదాన్ని ఇంగ్లీషులోలా వాక్యం ముందు పెడితే ప్రతిసారీ వెనకాల "అదేమిటంటే" అని తగిలించాల్సి వస్తుంది, ఊపు అక్కడే చచ్చిపోతుంది. నేనైతే "ఆ రోజు వస్తుందని కల కంటున్నా" అని వాక్యం చివరికి పంపేస్తా.