ఎకో క్లబ్ అంటే ర్యాలీయేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెబుతూ, పిల్లలతో పర్యావరణ పనులు చేయించే ఎకో క్లబ్ కూడా చూస్తుంటాను. తోటి టీచర్లు, తల్లిదండ్రులు తరచూ అనే మాటలు ఇవి.

అపోహ: మొక్కలు నాటిస్తే చాలు.

వాస్తవం: నాటడం అరగంట పని. మామూలుగా ఏప్రిల్ 24న సెలవులిస్తే మళ్లీ బడి తెరిచేది జూన్ 12న. ఎండలు మండే ఆ ఏడు వారాలూ గేటుకు తాళమే. జులైలో ఫొటోలు దిగిన మొక్కలు ఎక్కువగా పోయేది అప్పుడే. అందుకే మొక్కని తరగతికి కాకుండా, బడి పక్క వీధుల్లో ఉండే పిల్లలకి అప్పగించండి, ఇద్దరికి ఒకటి చొప్పున. తాళం చెవి ఎవరి దగ్గరుంటుంది, మోటారు ఎవరు వేస్తారు అన్నది సెలవులకు ముందే తేల్చుకోండి. నీళ్లు పోసేవాళ్లు ఎంతమంది దొరికితే దానికి తగ్గన్ని మొక్కలే నాటండి. వేప, కానుగ లాంటివి మొదటి రెండు మూడు ఎండాకాలాలు గట్టెక్కితే తర్వాత పెద్దగా చూసుకోనక్కర్లేదు. అన్నట్టు, పర్యావరణ దినోత్సవం జూన్ 5 మన బడులకు సెలవుల్లోనే వస్తుంది. ఆ రోజు ఫొటో కోసం పిల్లల్ని పిలిపించే బదులు, వానలు పడి నేల నానాక నాటుకోవడం మేలు.

అపోహ: ర్యాలీ తీస్తే ఊరికి అవగాహన వస్తుంది.

వాస్తవం: ప్లాస్టిక్ మంచిది కాదని తెలియనివాళ్లు ఊళ్లో ఎవరున్నారు? నినాదాల కన్నా ఒక్కరోజు చెత్త లెక్క నయం. బడిలో డబ్బాలన్నీ పాత పట్టా మీద గుమ్మరించి, గ్లవ్స్ వేసుకున్న పిల్లలతో వేరు చేయించండి. కాగితాలు, మిగిలిన అన్నం, గుడ్డు పెంకులు, చిక్కీ రేపర్లు, బడి ముందు కొట్లో కొన్న చిప్స్ కవర్లు. మా దగ్గర బరువులో అన్నం, లెక్కలో రేపర్లు ముందుంటాయి. లోపల వెండిరంగు పూత ఉన్న రేపర్‌ని పాత సామాన్లవాళ్లు తీసుకోరు. అలాంటి వాటిని వెనక్కి సేకరించే బాధ్యత కంపెనీలదేనని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. ఇది విన్నాక పిల్లలు అడిగే ప్రశ్నలు మామూలుగా ఉండవు!

అపోహ: కంపోస్ట్ గుంట పెడితే కంపు.

వాస్తవం: తడి చెత్త ఒక్కటే వేస్తే కంపే. ఒక బకెట్ తడి చెత్తకు రెండు మూడు బకెట్ల ఎండుటాకులు వేయండి, అవి ఎలాగూ పొద్దున్నే ఊడ్చి తగలబెట్టే ఆకులే. ఆ మిశ్రమాన్ని పిడికిట్లో పిసికితే చెయ్యి తడవాలి, నీళ్లు ధారకట్టకూడదు. నూనె కూరలు వద్దు. ఎలుకలు రాకుండా పైన మూత ఉండాలి.

అపోహ: చదువు దెబ్బతింటుంది.

వాస్తవం: చెత్త లెక్కతో పట్టికలు, బార్ గ్రాఫులు వేయొచ్చు. సర్పంచికి రాసే ఉత్తరం తెలుగులో లేఖారచనే. పదో తరగతి వాళ్లని మాత్రం వదిలేయండి, వాళ్ల టెన్షన్ వాళ్లది.

అపోహ: పిల్లలతో ఊళ్లో చెత్త ఏరించాలి.

వాస్తవం: వద్దే వద్దు. కాలవ గట్టున సిరంజీలు, గాజుపెంకులు, డైపర్లు ఉంటాయి. గ్లవ్స్ ఇచ్చినా ఇది పిల్లల పని కాదు. ఊరి పారిశుధ్యం పంచాయతీ చూడాలి. పిల్లలు చెయ్యగలిగింది మ్యాప్ గీయడం: ఎక్కడ కుప్ప పడుతోంది, బండి ఏ వీధికి రావట్లేదు, ఎవరింటి ముందు తగలబెడుతున్నారు. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వండి, రెండోదాని మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి.