కొలరాడో కొండల్లో బస్సు టూర్: నీళ్ళు మానేస్తే బాత్రూమ్ బెడద తప్పుతుందా? (అపోహలు - వాస్తవాలు)

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి డెన్వర్‌లో బస్సు టూర్ ఎక్కే అమ్మానాన్నల్లో చాలామంది ఇంటి దగ్గరే ఒకటి అనుకుని వస్తారు: "సాయంత్రం దాకా నీళ్ళు ముట్టకపోతే సరి, బాత్రూమ్ బెడద ఉండదు." పొద్దున చేతికిచ్చిన సీసా మూత తియ్యకుండానే రాత్రి హోటల్ గదికి చేరుతుంది. టూర్ నడిపేవాళ్ళం ఎన్నిసార్లు చెప్పినా తిరిగి తిరిగి ఎదురయ్యేది ఇదే.

ఆ భయం ఉత్తదేం కాదు. షుగర్ ఉంటుంది, ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటుంది, భాష రాని చోట నలభై మంది ముందు బస్సు ఆపమనాలంటే మొహమాటం. కానీ ఈ ఉపాయం అక్కరకు రాదు, పైగా ప్రాణం మీదికి తెస్తుంది.

డెన్వర్ నుంచి గ్రాండ్ జంక్షన్ ఊరికి వెళ్ళే రోజు దారి చూడండి. డెన్వర్ ఎత్తు 5,280 అడుగులు. ఐ-70 హైవే మీద పడమరగా వెళ్తే ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 11,000 అడుగులు దాటుతాం. వేల్ పాస్ అనే కనుమ 10,662. తర్వాత గ్లెన్‌వుడ్ లోయలో కొలరాడో నది పక్కనే దిగుతూ గ్రాండ్ జంక్షన్ చేరేసరికి దాదాపు 4,600. దారి పొడవునా గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. ఊపిరితోనూ పోతుంది. బీపీ మాత్రలో నీటి మందు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) కలిసి ఉంటే, మీరు తాగినా తాగకపోయినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, పిక్కలు పట్టెయ్యడం. సీట్లోంచి గభాల్న లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, బస్సు మెట్ల మీద పడిపోతారు. నాలుగు గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా పెరుగుతుంది. మూత్రం చిక్కబడితే మంట పుట్టి ఇంకా ఎక్కువసార్లు వెళ్ళాల్సి వస్తుంది.

చెయ్యాల్సింది ఇది. పొద్దున కాఫీ, ఒక గ్లాసు నీళ్ళు బస్సు ఎక్కడానికి గంట ముందే ముగించండి, ఎక్కేముందు ఒకసారి వెళ్ళి రండి. దారిలో అరలీటరు ఒకేసారి గటగటా తాగొద్దు. పావుగంటకోసారి రెండు మూడు గుక్కలు చాలు. మామూలుగా రెండు గంటలకోసారి బస్సు ఆగుతుంది. అవసరం అనిపించకపోయినా ప్రతిసారీ దిగండి, నాలుగడుగులు నడవండి. సీట్లో ఉన్నంతసేపూ మడమలు, వేళ్ళు పైకీ కిందికీ ఆడించండి. నీటి మాత్ర ప్రయాణం రోజున ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్నే అడగండి, సొంతంగా మానెయ్యొద్దు. గుండె, కిడ్నీ జబ్బుకి రోజుకింతే నీళ్ళని డాక్టర్ కొలత పెట్టి ఉంటే ఆ కొలతే మీకు లెక్క.

పెద్ద టూర్ బస్సుల్లో చాలావాటికి వెనక చిన్న టాయిలెట్ ఉంటుంది. గైడ్‌ని ముందే అడిగి తెలుసుకోండి. అది అత్యవసరానికే, కానీ అత్యవసరమైతే మొహమాటపడొద్దు. లోపల మనిషి తిరగడానికి చోటుండదు. కింద మందు కలిపిన నీళ్ళ ట్యాంకు, గోడకి పట్టుకునే కడ్డీ, చేతులకి శానిటైజర్. కుళాయి ఉండదు. మనవాళ్ళ అసలు బెంగ ఇదే, పైకి చెప్పరు. అరలీటరు ఖాళీ సీసా ఒకటి నీళ్ళతో నింపి చేతిసంచిలో పెట్టుకోండి, ఆ బెంగ తీరిపోతుంది. గడియ బిగించి, కడ్డీ పట్టుకుని, మగవాళ్ళయినా కూర్చునే వెళ్ళండి. కొండ మలుపుల్లో నిలబడితే పడతారు.

"సొరంగం దగ్గర ఆక్సిజన్ అందదు" అనే వాట్సాప్ కబురు ఒకటి తిరుగుతుంటుంది. ఎత్తు జబ్బు ఎక్కువగా 8,000 అడుగుల పైన రాత్రి బస చేసేవాళ్ళకి, చేరిన కొన్ని గంటలకి మొదలవుతుంది. 1.7 మైళ్ళ సొరంగం దాటడం నిమిషాల పని. గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు మాత్రం టూర్ బుక్ చేసేముందే డాక్టర్‌ని అడగాలి. దుకాణాల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బాలకి డబ్బు తగలెయ్యొద్దు. పెద్ద డబ్బాలో ఉండేది పది లీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చే గాలే ఆరు లీటర్లు. విమానంలోకీ రానివ్వరు.

వాంతులకి అవోమిన్ లాంటి మాత్ర అందరికీ మంచిదే అనుకుంటారు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళకి అది మూత్రం బిగబట్టేస్తుంది, డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. ముందు, మధ్య సీట్లలో కుదుపు తక్కువ. వెనక చక్రాల వెనక కూర్చుంటే ఎక్కువ.

మందులు పెద్ద పెట్టెలో పెట్టొద్దు. బస్సు కింది అర మళ్ళీ తెరిచేది రాత్రి హోటల్ దగ్గరే. ఎండాకాలంలో ఆ అర వేడికి ఇన్సులిన్ పాడవుతుంది.

"పది నిమిషాలు లేటయితే డ్రైవర్ ఆగడా?" ఆగినా ఆ పది నిమిషాలు మీ సాయంత్రంలోంచే పోతాయి. అమెరికా చట్టం ప్రకారం బస్సు డ్రైవర్ పది గంటలకి మించి నడపకూడదు, డ్యూటీ పదిహేను గంటలు దాటాక స్టీరింగ్ ముట్టకూడదు. ఆ తర్వాత రోజుల్లో యూటా నుంచి అరిజోనాలోని పేజ్ ఊరికి వెళ్తే, వేసవిలో గడియారం గంట వెనక్కి పోతుంది. ఊరి పక్కనే ఉన్న నవాహో నేషన్‌లో (నవాహో ఆదివాసుల సొంత పాలనలోని ప్రాంతం) మాత్రం మళ్ళీ గంట ముందుకి. అక్కడ ఫోన్ టైమ్ అటూ ఇటూ దూకుతుంది. చేతిగడియారం గైడ్ చెప్పిన టైముకి పెట్టుకుని, దాన్నే చూడండి.